విషం, విలాసం అంటే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

చారిత్రక నవలల్లో విలన్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పోప్ ఆరో అలెగ్జాండర్‌ని, అంటే రోడ్రిగో బోర్జియాని, విషం, విలాసం అని రెండు ముక్కల్లో తేల్చేశారు. బాధేసింది.

ఆయన మంచివాడని అనను. పదవులు అమ్ముకున్నాడు. కొడుకు సెజారేని ఇరవై నిండకుండానే కార్డినల్, అంటే పోప్ తర్వాతి స్థాయి మతాధికారి, చేశాడు. కానీ విషం పెట్టి చంపించాడనే కథల్లో చాలావాటికి గట్టి రుజువుల్లేవు. రుజువున్న ఘట్టమే ఎక్కువ భయపెడుతుంది.

1497 జూన్‌లో ఇంకో కొడుకు హువాన్ హత్యకు గురయ్యాడు. టైబర్ నదిలోంచి శవాన్ని తీస్తే ఒళ్లంతా కత్తిపోట్లు, సంచిలో డబ్బు మాత్రం అలాగే ఉంది. నదిలో శవాన్ని పడేయడం ఒడ్డున ఉన్న కలప వ్యాపారి చూశాడు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, ఇలాంటివి వంద దాకా చూశాను, ఎవరూ అడగలేదు అన్నాడట. అదీ అప్పటి రోమ్! పోప్ తలుపులు మూసుకుని రోజుల తరబడి ఏమీ తినలేదు. బయటికొచ్చి, చర్చిని బాగుచేస్తానని కార్డినళ్లతో కమిటీ వేశాడు. చివరికి అది అటకెక్కింది.

అంతగా ఏడ్చిన మనిషి మళ్లీ పాత దారే ఎందుకు పట్టాడు? నవలాకారుడికి దొరికే అసలు విలన్ అక్కడున్నాడు. ఆ వ్యాసకర్తతో ఈ ఘట్టం మీద మరోసారి రాయించండి.

– ఒక పాఠకురాలు, విజయవాడ