తరగతిలో నోటు తెరవనివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది చెన్నై వేళచ్చేరిలో స్థిరపడిన తెలుగు కుటుంబం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. సాయంత్రాలు ఆమెతో పాటు ఇరుగుపొరుగు పిల్లలు నలుగురికి నేను ఇంట్లోనే ట్యూషన్ చెబుతుంటాను. ఈ విద్యా సంవత్సరం మొదట్లో వాళ్ల పాఠశాల పై తరగతులకు ట్యాబ్ తప్పనిసరి చేసి, పాఠం జరుగుతుండగానే నోట్సు అందులో టైపు చేసుకోవాలనీ, నోటుపుస్తకాలు ఇక తేనక్కర్లేదనీ తల్లిదండ్రులకు కబురు పంపింది. సంచి బరువు తగ్గుతుందన్న సంతోషంలో మేమూ అడ్డు చెప్పలేదు. ఆరు నెలలుగా ఆ పిల్లల పక్కన కూర్చుని చూస్తున్న నాకు, ఈ ఏర్పాటులో ఒక భాగాన్ని వెంటనే మార్చుకోవాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

విద్యుత్తు పాఠం అయిన రోజు మా అమ్మాయి ట్యాబ్ తెరిచి చూశాను. టీచరు చెప్పిన వాక్యాలు దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా, తప్పుల్లేకుండా, పేజీల కొద్దీ ఉన్నాయి. నిరోధాలను సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం ఎందుకు తగ్గుతుందమ్మా అని అడిగితే, తెరను వేలితో పైకీ కిందికీ జరుపుతూ వెతకడం మొదలుపెట్టింది. పక్కింటి అబ్బాయి ట్యాబ్ రిపేరుకు వెళ్లడంతో ఆ వారమంతా వాడు రఫ్ నోటులోనే రాసుకున్నాడు. ఆ పేజీలో రెండు పాయలుగా చీలిన తీగ బొమ్మ, దాని పక్కన ఒక బాణం, ‘దారులు పెరిగితే కరెంటుకు సులువు’ అని సొంత మాటల్లో ఒక ముక్క, మార్జిన్‌లో ఒక ప్రశ్న గుర్తు, అంతే ఉన్నాయి. అక్షరాలు కోడి కెలికినట్టున్నా, పేజీ చూడకుండానే జవాబు చెప్పాడు. ఒక్క పిల్లవాణ్ని చూసి తీర్పు చెప్పకూడదని నాకూ తెలుసు. పైగా వాడికి భౌతికశాస్త్రమంటే మొదటి నుంచీ ఇష్టం. అయినా ఇదే తేడా మిగతా పాఠాల్లోనూ కనబడుతూ వచ్చింది. చేయి మాటంత వేగంగా పరుగెత్తలేదు గనుక, కలంతో రాసే పిల్లవాడు ఏది రాయాలో, ఏది వదిలేయాలో అక్కడికక్కడే తేల్చుకోక తప్పదు. ఆ తేల్చుకోవడంలోనే సగం చదువు అయిపోతుంది.

ఈ విషయంలో అందరూ ఎత్తిచూపే పరిశోధనలను కొంచెం జాగ్రత్తగా చదవాలి. అమెరికాలో మ్యుల్లర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ల్యాప్‌టాప్‌లో నోట్సు తీసుకున్న విద్యార్థులు భావానికి సంబంధించిన ప్రశ్నల్లో వెనకబడ్డారని తేలింది. అదే ప్రయోగాన్ని ఇతరులు మళ్లీ చేసి 2019లోనూ 2021లోనూ ప్రచురించినప్పుడు ఆ తేడా అంత స్పష్టంగా నిలబడలేదు. విన్నది విన్నట్టు టైపు చేసే ధోరణి మాత్రం మళ్లీ కనిపించింది. నార్వే పరిశోధకులు 36 మంది విశ్వవిద్యాలయ విద్యార్థుల మెదడు తరంగాలను కొలిచి, చేత్తో రాసేటప్పుడు మెదడులోని భాగాల మధ్య అనుసంధానం ఎక్కువగా ఉంటుందని 2024లో ప్రకటించారు. అయితే ఆ విద్యార్థులు రాసింది కాగితం మీద కాదు, తెర మీద డిజిటల్ కలంతో. పైగా ఆ ప్రయోగంలో కొలిచింది మెదడు చర్యనే గాని పరీక్ష మార్కులను కాదు. కాబట్టి కాగితమే పవిత్రమనీ, తెర పాపమనీ నేను అనబోవడం లేదు. స్టైలస్, అంటే ఆ డిజిటల్ కలం, కొనగలిగిన ఇంట్లో పిల్లలు తెర మీదే చేత్తో రాసుకుంటే నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమల్లా కీబోర్డుతోనే.

కర్బన సమ్మేళనాల పాఠంలో బెంజీన్ వలయాన్ని కీబోర్డుతో ఎలా వేస్తారు? కాంతి పాఠంలో కటకం గుండా పోయే కిరణాలను ఎలా గీస్తారు? బోర్డును ఫొటో తీసి అతికిస్తున్నారు. ఫొటో తీశాక ఆ బొమ్మను మళ్లీ గీసి చూసిన పిల్లలు నా దగ్గర ఒక్కరూ లేరు.

ఇక తెలుగు సంగతి. తమిళనాట మన పిల్లలకు తెలుగు రాసే సందర్భాలే తక్కువ. ఇంగ్లిష్ అక్షరాలు నాలుగు కొట్టేసరికి కీబోర్డు ‘విద్యార్థి’ అని తనే పూర్తి చేసి పెడుతుంది. ట్యాబ్‌లో తప్పన్నదే ఉండదు. నేను డిక్టేషన్ ఇస్తే అదే పిల్లలు ఒకరు ‘విద్యార్ధి’ అనీ, ఇంకొకరు ‘విధ్యార్ది’ అనీ రాశారు. బోర్డు పరీక్షలో చేతికి కలమూ జవాబుపత్రమూ ఇస్తారు గాని, మాట పూర్తి చేసే కీబోర్డు ఇవ్వరు కదా.

బరువు మాట నిజమే. సంచి బరువు పిల్లల శరీర బరువులో పదో వంతు మించకూడదని కేంద్రం 2020లో తెచ్చిన విధానమే చెబుతోంది. తమిళనాడు ప్రభుత్వం 2012-13లో ఎనిమిదో తరగతి దాకా పాఠ్యపుస్తకాలను మూడు భాగాలు చేసి భారం తగ్గించింది గాని, నోటుపుస్తకాల జోలికి ఎవరూ వెళ్లలేదు. సబ్జెక్టుకో 192 పేజీల నోటు, పైన రఫ్ నోటు, ఫెయిర్ నోటు అని రెండు రకాలు ఉంటే భుజాలు వంగిపోకేం చేస్తాయి? అన్ని పీరియడ్లకూ విడి కాగితాలు పెట్టిన ఒకే ఫైలు తీసుకెళ్లి, ఇంటికొచ్చాక సబ్జెక్టుల వారీగా సర్దుకుంటే సరిపోతుంది. మా పిల్లల చేత రెండు వారాలుగా సెలవు రోజుల్లో అలాగే చేయిస్తున్నాను.

దాచుకోవడానికి మాత్రం ట్యాబ్‌కు సాటి లేదు. 2015 డిసెంబరు వరదల్లో మా ఇంట్లోకి నడుం లోతు నీరు వచ్చినప్పుడు, అప్పుడు పదో తరగతిలో ఉన్న మా బావగారి అబ్బాయి నోటుపుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. అట్టలు విప్పి ఎండబెడితే సిరా అంతా నీలి మరకైంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు మా వీధిలో మూడు రోజులు కరెంటు లేక, ఫోన్లూ ట్యాబులూ చచ్చి పడుంటే, మా అమ్మాయి మేడ మీద కూర్చుని కాగితాలే చదువుకుంది. ఈ ఊళ్లో ఉండేవాళ్లం రెండు వైపులా దెబ్బ తిన్నాం గనుక, పగలు చేత్తో రాసిన పేజీని రాత్రి ఫొటో తీసి తేదీతో సహా దాచుకోవడమే మా ఇంటి పద్ధతిగా మారింది. దానికి పట్టేది ఐదు నిమిషాలు.

పాఠశాలలకు నా విన్నపం చిన్నది. వీడియోలు, నమూనా ప్రశ్నపత్రాలు, సెలవు రోజున తప్పిన పాఠం వంటివాటికి ట్యాబ్‌ను నిక్షేపంగా వాడండి. పాఠం జరిగే ఆ నలభై నిమిషాలు మాత్రం చేత్తో రాసుకోవాలనుకునే పిల్లలను రాసుకోనివ్వండి. ట్యాబ్‌కు కట్టిన సొమ్ము మేం తిరిగి అడగడం లేదు. గత తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాటే విన్నవిస్తే ‘పై వాళ్లతో మాట్లాడి చెబుతాం’ అన్నారు. అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గర పడుతున్నాయి, జవాబు ఇంకా రాలేదు.

భవదీయురాలు,
ఒక విద్యార్థిని తల్లి,
వేళచ్చేరి, చెన్నై