చదవలేని చిహ్నం అందరిదెలా అవుతుంది?

సంపాదకులకు నమస్కారం.

మ్యూజియం కొత్త చిహ్నం ఆవిష్కరణ వార్త పోయిన వారం మీ పత్రికలో చదివాను. గేటు దగ్గర ఆ చిహ్నంతో పెట్టిన బోర్డును కళ్లారా చూశాకే మాట్లాడాలని ఇన్ని రోజులు ఆగాను. ఆదివారం మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆమెకు ఎనభై దాటాయి, గ్లకోమాతో చూపు సగం పోయింది. గేటు ముందు నిలబడి, “పేరెక్కడ రాశారురా?” అని అడిగింది. పేరు ఆమెకు ఎదురుగానే ఉంది, తెల్లగోడ మీద లేత బూడిద రంగులో, వెంట్రుకంత సన్నని గీతలతో.

నేను ముప్పై ఏళ్లు బోర్డులు రాసి బతికినవాణ్ని. అక్షరం రాశాక ఇరవై అడుగులు వెనక్కి వెళ్లి చూడమని మా గురువుగారు మొదటి రోజే నేర్పారు. దగ్గర్నుంచి ఎంత ముచ్చటగా ఉన్నా, దూరానికి ఆనకపోతే చెరిపి మళ్లీ రాయాల్సిందే. ఇక్కడ ఆ ఇరవై అడుగులు ఎవరూ వేయలేదు. తెలుగు అక్షరాలను ఇంగ్లిషు అక్షరాల కొలతలో ఇరికించడానికి తలకట్లు ఎగరగొట్టారు, ఒత్తులను నలిపి పై అక్షరానికి అతికించారు. ‘ద’కూ ‘ధ’కూ తేడా అంతా కిందనున్న ఆ చిన్న గీతలోనే ఉంది. అదీ తీసేశారు. లోపల ఒక గదికి పెట్టిన పేరులో ‘నిధి’ కాస్తా ‘నిది’ అయింది. బడిపిల్లలు వచ్చి చూసే చోట ఇదేం రాత?

వెబ్‌సైటులోనూ అదే బూడిద రంగు. చిన్న అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య కాంతి భేదం కనీసం 4.5:1 ఉండాలని, పెద్ద అక్షరాలకు 3:1 ఉన్నా చాలని, వెబ్‌సైట్లను అందరూ చదవగలిగేలా చేసే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. కొలిచే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. అంతస్తుల పటంలో దారులను ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే వేరు చేశారు. ఆ రెండింటి తేడా తెలియని వర్ణాంధత ఎంతోమంది మగవాళ్లకు ఉంటుంది. పక్కన ఒక అంకె వేస్తే పోయేదేముంది? బ్రెయిలీ ఫలకం ఒక్కటైనా నాకు కనబడలేదు.

అన్నిటికన్నా బాధపెట్టింది ర్యాంపు దగ్గరి గుర్తు. కొత్త శైలికి నప్పాలని చక్రాల కుర్చీ బొమ్మను రెండు వంపు గీతలుగా మార్చారు. కుర్చీలో వచ్చిన ఒకాయన దాన్ని పోల్చుకోలేక భవనం చుట్టూ రెండుసార్లు తిరిగారు. అసలు చక్రాల కుర్చీ గుర్తును 1968లో సుసానె కోఫోద్ అనే డెన్మార్క్ విద్యార్థిని గీసినప్పుడు దానికి తల లేదు. ఆ తర్వాత తల చేర్చాకే కుర్చీలో మనిషి కనిపించాడు. ఇప్పుడు మనవాళ్లు ఆ మనిషిని మళ్లీ తీసేశారు.

“అందరినీ కలుపుకొనే రూపం” అని అధికారులు సభలో చెప్పినట్టు మీరే రాశారు. ఆ అందరిలో ఒక్కరినైనా పిలిచి అడిగారా? వికలాంగులకు మ్యూజియాలు, గ్రంథాలయాలు అందుబాటులో ఉండాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 30వ అధికరణంలోనే ఉంది. అయినా ఏ కార్యాలయానికి వెళ్లినా ఇదే తీరు. దరఖాస్తులో అక్షరాలు చీమల బారులా ఉంటాయి. శిలాఫలకం మీద ప్రముఖుల పేర్లు మాత్రం నల్లరాతిపై బంగారు రంగులో రోడ్డు అవతలికి కూడా కనిపిస్తాయి. అంటే కనిపించేలా రాయడం వీళ్లకు తెలుసు. మనకోసం రాయాల్సి వచ్చినప్పుడే ఆ శ్రద్ధ ఉండదు.

మిగిలిన బోర్డులు ఇంకా బిగించలేదని కాపలాదారు చెప్పాడు. అయితే సమయం మించిపోలేదు. ఒక్కో నమూనాను గేటు దగ్గర నిలబెట్టి, చూపు మందగించినవారిని, వర్ణాంధత ఉన్నవారిని, చక్రాల కుర్చీలో తిరిగేవారిని, కూడబలుక్కుని చదివే పిల్లలను పిలిచి చూపించండి. వాళ్లు తడబడిన చోటల్లా మార్చండి. తెలుగు అక్షరాలు సరిచేయడానికి మనిషి కావాలంటే నేను వస్తాను, డబ్బు అక్కర్లేదు.

– ఒక బోర్డు చిత్రకారుడు