ఫిర్యాదు: బిల్లు వేసిన నొప్పి మందు మా కుక్కకు ఇవ్వలేదు

విజయనగరం

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మా సిరి 14 కిలోల ఆడ నాటుకుక్క. పోయిన శుక్రవారం మీ విజయనగరం క్లినిక్‌లో దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. కుట్లు బాగానే వేశారు, ఆ విషయంలో డాక్టరు గారిని ఏమీ అనను. నా గొడవంతా ఆ తర్వాత మీవాళ్లు దాన్ని చూసిన తీరు గురించే.

బిల్లులో ‘అనస్తీషియా మానిటరింగ్’, ‘ఆపరేషన్ తర్వాత పెయిన్ కేర్’ అని విడివిడిగా వేసి డబ్బు కట్టించుకున్నారు. ఇంటికిచ్చిన కవర్లో యాంటీబయాటిక్ మాత్రలు, ఒక ఆయింట్‌మెంటు తప్ప నొప్పికి ఏమీ లేదు. పోనీ ఇంజెక్షన్ చేశారేమోనని కేసు షీటు అడిగాను. మత్తు ఇచ్చిన టైము ఒక్కటే రాసుంది. గుండె వేగం, ఊపిరి, టెంపరేచరు గడులన్నీ ఖాళీ. నొప్పి మందు గడిలో అడ్డగీత! మత్తులో ఒళ్లు చల్లబడుతుంది కాబట్టే ఆ గడి పెట్టారు కదా. కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీలు ఉండాలి. మా చేతికి వచ్చేసరికి సిరి చెవులు, పాదాలు చల్లగా ఉన్నాయి, ఒకటే వణుకు. థర్మామీటరు పెట్టి చూడమంటే, “ఇంటికెళ్తే సర్దుకుంటుందండీ” అని చేతులు దులుపుకున్నారు.

ఆ రాత్రి అది పడుకోలేకపోయింది. మెల్లగా వంగేది, పొట్ట నేలకు తగలగానే మూలిగి లేచిపోయేది. నిలబడే కునికేది. ముందుకాళ్లు జారితే ఉలిక్కిపడేది.

మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఐబుప్రోఫెన్ మాత్ర ఒకటి వేయమన్నారు. మందుల షాపులో కుర్రాడు “మనిషికా, కుక్కకా?” అని అడిగి, కుక్కకనగానే తీసిన మాత్రలు మళ్లీ డబ్బాలో పెట్టేశాడు. అది కుక్కల కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఆ కుర్రాడికున్న పాటి జాగ్రత్త మీ హెల్ప్‌లైన్‌కు లేకపోయింది.

పొద్దున్నే క్లినిక్‌కు వెళ్లి అడిగితే వచ్చిన జవాబు ఇది: “నొప్పి ఉంటేనే కదలకుండా పడుంటుందండీ, కుట్లు ఊడవు.” కదలకుండా ఉంచడానికి గొలుసుంది, గది ఉంది, అవసరమైతే మత్తు మాత్ర ఉంది. నొప్పిని కాపలా పెట్టడమేమిటి? పైగా ఆ రాత్రంతా అది నిలబడే ఉందని చెప్పాను కదా.

అక్కడి నుంచి గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లాం. ఒంట్లో నీరు తగ్గలేదని చూసుకున్నాకే మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఇంజెక్షన్ చేశారు. మొదటి రోజు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకు అందులో సగం. అంటే సిరికి మొదటి డోసు 2.8 మిల్లీగ్రాములు. మీరు డబ్బు తీసుకుని ఇవ్వనిది ఆ కాస్త మందే. సాయంత్రానికి పక్కకు ఒరిగి నిద్రపోయింది.

బిల్లులోని ఆ రెండు పద్దుల సొమ్ము, గరివిడిలో అయిన ఖర్చు తిరిగి ఇవ్వండి. కేసు షీటు నకలు పంపండి. ఫోటో తీసి ఉంచాను, ఖాళీ గడులు ఇప్పుడు నింపే శ్రమ పడొద్దు. మనుషుల మాత్రలు చెప్పడం ఆపమని హెల్ప్‌లైన్‌కు ఆదేశాలిచ్చి, ఆ కాగితం నాకూ పంపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
మీ విజయనగరం క్లినిక్ కస్టమర్

జతపరిచినవి: బిల్లు, కేసు షీటు ఫోటో, గరివిడి చీటీ