మందు ఆపడం శిక్ష కాకూడదు

చిరంజీవి శారదకు, ఆశీస్సులు.

హెరాయిన్‌కు బానిసైన రోగికి మళ్ళీ ఓపియాయిడ్ మందునే, అంటే నల్లమందు తరహా మందునే, రాసి ఇవ్వడం ఒక వ్యసనం పోగొట్టి మరొకటి అంటగట్టడం కాదా అని అడిగావు. శరీరం ఒక మందుపై ఆధారపడడం వేరు, బతుకు పాడవుతున్నదని తెలిసీ ఆగలేకపోవడం వేరు. హెరాయిన్ కొన్ని గంటల్లోనే దిగిపోయి మనిషిని మళ్ళీ దాని వెంట పరుగెత్తిస్తుంది. మెథడోన్ అనే ఓపియాయిడ్ మందును సరైన మోతాదులో రోజుకొకసారి ఇస్తే, అలవాటుపడిన శరీరానికి మత్తెక్కించకుండానే విత్‌డ్రాయల్ బాధను, అంటే మాదకం అందక ఒళ్ళు పడే యాతనను, ఆపుతుంది. ఇదే చికిత్సకు వాడే మరో ఓపియాయిడ్ మందు బుప్రెనార్ఫిన్ ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా ఊపిరిని అంతకంతకూ అణచదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెండింటినీ ఆవశ్యక మందుల జాబితాలో చేర్చింది.

మందు ఇవ్వకపోతే తప్పు చేయనట్టేనని మన వృత్తిలో చాలామంది అనుకుంటారు. కొన్ని వారాలు మాన్పించి పంపేసిన రోగి పాత మోతాదుకే తిరిగి వెళితే, తట్టుకునే శక్తి తగ్గిన అతని శరీరం ఊపిరి ఆడక ఆగిపోవచ్చు. ఆ మరణంతో తనకు సంబంధం లేదని వైద్యుడు అంటే నేను ఒప్పుకోను.

అలాగని నిర్లక్ష్యంగా రాయకు. మెథడోన్ ఒంట్లో నెమ్మదిగా పేరుకుంటుంది కనుక మొదటి రెండు వారాలు ప్రమాదకరం. మద్యం, నిద్రమాత్రలు తోడైతే మరీ ప్రమాదం. విత్‌డ్రాయల్‌తో వణుకుతున్న మనిషి దేనికైనా సరేనంటాడు, కాబట్టి అతను కుదుటపడ్డాక అన్నీ మళ్ళీ వివరించి సమ్మతి తీసుకో.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. మూత్ర పరీక్షలో మాదకం కనబడిందనో, అపాయింట్‌మెంటుకు రాలేదనో కొన్నిచోట్ల మోతాదు తగ్గిస్తారు, లేదా చికిత్సే ఆపేస్తారు. వ్యాధి లక్షణం బయటపడినందుకు ఆ వ్యాధికిచ్చే మందునే లాగేసుకోవడం ఏ వైద్యనీతి? ఆ పరీక్ష ఫలితం చూసి మోతాదు చాలడం లేదేమోనని ఆలోచించాలి. మందు పక్కదారి పట్టకుండా, ఇంట్లో పిల్లల చేతికి చిక్కకుండా మొదట్లో ఎదుటే మింగించడం సబబే, ఎందుకంటే ఇతరుల ప్రాణాలకూ మనమే బాధ్యులం. కానీ నిలకడగా ఉన్న మనిషిని ఏళ్ళ తరబడి రోజూ వరుసలో నిలబెట్టడం అతన్ని అవమానించడమే.

ఎన్నాళ్ళు వాడాలన్నదానికి గడువు పెట్టకు. రోగి తానే మానాలనుకుంటే నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించు, తగ్గిస్తుండగా తట్టుకోలేకపోతే నిష్ఠూరమాడకుండా మళ్ళీ పెంచు. ఓపియాయిడ్ మోతాదు మించి ఊపిరి ఆగిపోతుంటే దాని ప్రభావాన్ని తిప్పికొట్టే మందు నలాక్సోన్ ఎలా వాడాలో ఇంట్లోవాళ్ళకు మొదటి రోజే నేర్పు.

ఇట్లు,
అమ్మ