కార్డు చూసి మాత్రలు మానకు

చి. సౌ. శైలజకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు వాన పడితే నొప్పి, ఎండ కాస్తే తగ్గుదల, కొత్తేం లేదు. సూరిబాబు మేడ మీద మళ్ళీ రేకులు వేయిస్తున్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. నువ్వు కుండీలో వదిలేసి వెళ్ళిన కరివేపాకు గోడ దాటింది, పక్కింటివాళ్ళు కూడా కోసుకుంటున్నారు. ఆదివారం నీ ఫోన్ కోసం చూశాం. పనిలో ఉండుంటుందిలే అని అమ్మతో నేనే అన్నాను. సోమవారం కూడా అదే అన్నాను.

నువ్వే ఫోన్ చేసి అడగచ్చుగా అంటావు. చేస్తే "బాగానే ఉన్నా నాన్నా" అంటావు, తర్వాత ఇద్దరం అక్కడ వానలెలా ఉన్నాయో మాట్లాడుకుని పెట్టేస్తాం. అందుకే రాస్తున్నాను.

చిన్నత్త చెప్పింది. దాన్నేమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. ఎంబ్రియో పెట్టిన నాలుగో రోజు నుంచే గర్భం ఉందో లేదో చూసే కార్డులు తెప్పించుకుని పొద్దునా సాయంత్రం చూసుకుంటున్నావట. ఒక్క గీతే వస్తోందట. "ఇంక ఈ మాత్రలెందుకులే" అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

అమ్మ బొప్పాయి ముట్టుకోవద్దని రాయమంది, రాశాను. మీ అత్తగారు మంచం దిగొద్దన్నారట. పెద్దావిడ ప్రేమ కొద్దీ అన్నారు, ఎదురు చెప్పకు. కానీ పడుకుని ఉంటే నిలుస్తుందని ఎక్కడా రుజువు కాలేదు. ఇంట్లో తిరుగు, వరండాలో నడువు. బియ్యం బస్తా జరపడం లాంటివి మాత్రం అబ్బాయికి చెప్పు. నీకు చెప్పడం అలవాటు లేదు, అన్నీ నువ్వే చేస్తావు, చిన్నప్పుడూ అంతే.

లెక్క చెప్తాను, విను. మామూలుగా అండం విడుదలైన రోజు నుంచి చూస్తే పిండం గర్భసంచి గోడకి అంటుకోవడానికి ఆరు నుంచి పన్నెండు రోజులు పడుతుంది. 1999లో అమెరికాలో విల్కాక్స్ అనే ఆయన బృందం ఆడవాళ్ళ మూత్రం రోజూ పరీక్షించి చూస్తే, నిలిచిన గర్భాల్లో నూటికి 84 ఎనిమిది, తొమ్మిది, పది రోజుల్లోనే అంటుకున్నాయి. నీకు పెట్టింది ఐదు రోజుల పిండం. ఆ ఐదు రోజులూ ల్యాబులో గడిచిపోయాయి. లోపలికి వెళ్ళాక అది పై పొర చీల్చుకుని బయటికి రావాలి, గోడకి ఆనుకోవాలి, లోపలికి పాతుకోవాలి. ఇదంతా అవడానికి నాలుగైదు రోజులు పట్టచ్చు. అంటుకున్నాకే కదా హెచ్‌సీజీ, అంటే ఆ కార్డు పట్టుకునే గర్భం హార్మోన్, రక్తంలోకి దిగేది! అదీ మొదట్లో ఆవగింజంత. రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ పోతుంది. ఇంట్లో వాడే కార్డుకి మిల్లీలీటరుకి ఇంచుమించు 25 మిల్లీ యూనిట్లుంటే గానీ గీత పడదు. నాలుగో రోజున దాని మీద ఏం కనపడాలని చూశావమ్మా?

నేను ఆసుపత్రిలో ఈ పరీక్షలు చేసే రోజుల్లో అయితే ఈ కార్డులెక్కడివి. నల్ల స్లైడు, రెండు చిన్న సీసాల మందు. ఒక చుక్క మూత్రం, హెచ్‌సీజీని పట్టేసే యాంటీసీరం ఒక చుక్క వేసి పుల్లతో కలిపి, తర్వాత తెల్లటి లేటెక్స్ వేసి, రెండు నిమిషాలు స్లైడుని అటూ ఇటూ వంచాలి. విరిగిన పాలలా రేణువులు కడితే గర్భం లేనట్టు, నున్నగా తెల్లగా ఉండిపోతే ఉన్నట్టు. చూసేవాళ్ళంతా తిరగేసి అనుకునేవారు. నెల తప్పి రెండు వారాలైతే గానీ అది నమ్మకంగా తేల్చేది కాదు.

ఒకసారి గొల్లప్రోలు వైపు నుంచి ఒకావిడ కోడల్ని తీసుకొచ్చింది. సంత రోజు, ఓపీ నిండా జనం. కోడలు వేపచెట్టు కింద కూర్చుంది, సీసా మాత్రం అత్తగారి చేతిలో. దగ్గు మందు సీసా, కడిగిందో లేదో కూడా తెలీదు. కడిగి మళ్ళీ పట్టించుకు రమ్మన్నాను. గొణుక్కుంటూ వెళ్ళి తెచ్చింది. నెల తప్పి నాలుగు రోజులే అయిందట. స్లైడు మీద రేణువులు కట్టాయి. "ఇంకా తేలలేదమ్మా, పదిహేను రోజులాగి రండి" అన్నాను. ఆవిడకి తేలలేదు అనే మాట వినపడలేదు, లేదు అనే వినపడింది. అక్కడే సీసా కాలవలో ఒంపేసి, అందరూ వినేలా ఆ పిల్లని నానా మాటలూ అంది. డాక్టరమ్మ బయటికొచ్చి కేకలేస్తే గానీ ఊరుకోలేదు. ఆ రెండు వారాలూ ఆ పిల్ల చేత గడ్డిమోపులు మోయించారని తర్వాత తెలిసింది.

తర్వాత పిల్ల ఒక్కతే వచ్చింది, అదే సీసాతో. బస్సుకి డబ్బులు ఎవరినో అడిగి తెచ్చుకుంది. స్లైడు వంచుతుంటే నా పక్కనే నిలబడి రెప్ప వేయకుండా చూసింది. నున్నగా ఉండిపోయింది. చెప్పాను. సంతోషపడుతుందనుకుంటే, "అప్పుడు కూడా ఉందా అండి లోపల?" అంది. ఉందమ్మా, అప్పటికి చిన్నదిగా ఉండి స్లైడుకి అందలేదు అన్నాను. "మరి నేను పడ్డ తిట్లు ఎవరు తీసుకుంటారండి?" అని అడిగి, నా జవాబు కోసం చూడకుండా ఓపీ వైపు వెళ్ళిపోయింది.

నిన్ను అనేవాళ్ళు ఎవరూ లేరు, నువ్వే అనుకుంటున్నావని చిన్నత్త మాట. సరే, దాని గురించి రాయను.

మాత్రల సంగతి. నీకు మందులతో గర్భసంచి లోపలి పొర పెంచి పిండాన్ని పెట్టారు, ఆ నెల నీ ఒంట్లో అండం విడుదల కాలేదని నువ్వే చెప్పావు. అంటే గర్భాన్ని నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్ నీకు ఇంకెక్కడి నుంచీ రాదు, ఆ మాత్రల నుంచే రావాలి. కార్డు చూసి అవి మానేస్తే, పిండం నిలిచే ఉన్నా పోగొట్టుకున్నవాళ్ళమవుతాం. రక్తపు మరక కనిపించినా సరే, డాక్టరుకి ఫోన్ చెయ్యి, నీ అంతట నువ్వు ఆపకు. వక్షోజాల నొప్పి, నిద్రమత్తు, కడుపు ఉబ్బరం ఆ మాత్రలే తెస్తాయి. ఉన్నాయని సంబరపడకు, తగ్గాయని టెన్షన్ పడకు.

రెండో గీతని నమ్ముకున్నవాళ్ళ సంగతీ చూశాను. కామేశం కోడలికి అండం విడుదలకని ఇచ్చిన ఇంజెక్షనే హెచ్‌సీజీ. అది ఒంట్లో పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ మిగులుతుంది. కార్డు మీద గీత పడగానే వాళ్ళు వీధంతా కాజాలు పంచేశారు.

చూడకుండా ఉండలేనంటే, కనీసం పొద్దున లేచిన మొదటి మూత్రంతో చూడు, ఐదు నిమిషాల్లో చదివి పారెయ్యి. చెత్తబుట్టలోంచి తీసి మధ్యాహ్నం మళ్ళీ చూస్తే ఎండిన మరక కూడా గీతలా కనపడుతుంది. నువ్వు తీసి చూసే ఉంటావు.

నిజం చెప్పేది పిండం పెట్టిన పద్నాలుగో రోజు రక్తపరీక్ష. బీటా హెచ్‌సీజీ అంకె ఐదులోపుంటే లేనట్టు. పైన ఉంటే రెండు రోజులకి మళ్ళీ చేయించి ఎంత పెరిగిందో చూస్తారు. ఒక్క అంకె చూసి ఏడవకు, ఎగరకు, రిపోర్టు ఫోటో నాకు పంపు. పాజిటివ్ వచ్చాక ఒక పక్కే పొత్తికడుపులో గట్టిగా నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా రాత్రని చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇది అబ్బాయికి కూడా చెప్పు, లేదా నేను చెప్తాను.

ఆ పరీక్షకి పరగడుపున వెళ్ళక్కర్లేదు, ఇడ్లీ తినే వెళ్ళు. నీ ఎడమ చేతి నరం ఎవరికీ దొరకదు, రెండుసార్లు గుచ్చితే గానీ ఒప్పుకోరు, మొదటే కుడి చెయ్యి చాపు.

నాన్న