మేడారంలో లావా రాదు సరే, మా బడి గోడ సంగతేంటి?

రాష్ట్ర విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2024 డిసెంబర్ 4, బుధవారం. పొద్దున ఏడున్నరకు ఇంకో మూడు నిమిషాలుంది. హనుమకొండలో మా వంటింటి అల్మారాలో బోర్లించిన స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. పిల్లి దూరిందేమో అనుకున్నాను. వాకిట్లోకి వస్తే గోలెంలో నీళ్లు అంచు దాకా ఊగుతున్నాయి. భూపాలపల్లిలో ఉండే మా తమ్ముడైతే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అనుకుని మళ్లీ ముసుగేశాడట. "గింత పొద్దున బ్లాస్టింగేంది" అని మా మరదలు లేపితే గానీ లేవలేదు. ములుగు జిల్లాలో, మేడారం వైపు అడవుల్లో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం అది. అటు హైదరాబాద్ దాకా, ఇటు విజయవాడ దాకా తెలిసింది.

నేల ఊగింది కొన్ని సెకన్లే. వాట్సాప్ మాత్రం మమ్మల్ని వారం రోజులు ఊపింది. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజిక్స్ చెప్తాను. ఆ రోజు తొమ్మిదో తరగతిలో అడుగు పెట్టగానే ఒక పిల్ల లేచింది. "సార్, మేడారం కింద అగ్నిపర్వతం ఉన్నదట. భూకంపం దాని సిగ్నలట. మా నాయనమ్మ సంచి సర్దుకుంటాంది." క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆ ఏడాదే ఆగస్టు చివర తాడ్వాయి అడవిలో గాలికి వేల చెట్లు కూలాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడినీళ్లు వస్తాయని ఇక్కడ చాలామందికి తెలుసు. కూలిన చెట్లు, కాగిన నీళ్లు, ఊగిన నేల... ఆ ముసలమ్మ లెక్క ఆమె వేసుకుంది. ఎక్కడ తప్పిందో చెప్పే మాట మా వాడకు చేరలేదు.

నిజానికి ఆ పిల్ల విన్నదాంట్లో సగం ఒప్పే. కరిగిన రాయి పైకి దారి చేసుకునేటప్పుడు చుట్టూ ఉన్న బండలు పగులుతాయి. రోజుకు వందల చిన్న కుదుపులు వస్తాయి, చాలాసార్లు అవి రానురాను పైపైకి జరుగుతాయి. ఎసరు కాగే ముందు గిన్నె మూలిగినట్టు యంత్రాల్లో ఆగని రొద ఒకటి నమోదవుతుంది. ఫిలిప్పీన్స్‌లో పినటుబో కొండ చుట్టుపక్కల జనానికి 1991 మార్చిలో నేల అదరడం తెలిసింది. శాస్త్రవేత్తలు యంత్రాలు పెట్టారు, అగ్నిపర్వతం ఏం చేస్తుందో వీడియోలు వేసి చూపించారు, వేలమందిని ఖాళీ చేయించారు. జూన్ 15న కొండ పేలింది. అంతకు ఆరేళ్ల ముందు కొలంబియాలో నెవాడో దెల్ రూయిజ్ కూడా ఏడాది పాటు కదులుతూనే ఉంది. ప్రమాదం ఎక్కడెక్కడికి వస్తుందో చూపే పటం నెల ముందే తయారైంది. అయినా 1985 నవంబర్ 13 రాత్రి మంచు కరిగి దిగిన బురద ఆర్మెరో పట్టణాన్ని మింగేసింది. 20 వేలకు పైగా జనం పోయారు. పటం గీసినవాళ్ల తప్పేం లేదు సార్, జనాన్ని ఆ రాత్రి కదిలించలేకపోయారు.

మన దగ్గర వచ్చింది ఆ రకం కాదు. ఒక్క పెద్ద కుదుపు, అదీ దాదాపు 40 కిలోమీటర్ల లోతున. గోదావరి లోయ కింద కోట్ల ఏళ్ల నాడు నేల చీలి కుంగింది. ఆ పల్లంలో పేరుకున్న పొరల్లోనే సింగరేణి బొగ్గు తయారైంది. మా తమ్ముడికి జీతమిచ్చే చీలికే అప్పుడప్పుడూ ఇలా సర్దుకుంటుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిందీ ఈ లోయలోనే. పగిడేరు నీళ్లు లోతుకు దిగి, భూమి వేడికి కాగి, పైకి వస్తున్నాయి, అంతే. లావా ఆదిలాబాద్ వైపు పారిన మాట నిజమే, కానీ అది 6.6 కోట్ల ఏళ్ల కిందట. ఇప్పుడక్కడ పత్తి పండుతోంది. మన దేశంలో రగిలే కొండ చూడాలంటే అండమాన్ దగ్గర బ్యారెన్ దీవికి పోవాలి.

క్లాసులో ఇదంతా చెప్పాక ఆ పిల్ల ఊరట పడింది. నేను పడలేదు. అగ్నిపర్వతమైతే చాలాసార్లు వారాల ముందో నెలల ముందో ఏదో ఒక కబురు పంపుతుంది. మన నేల కింది చీలికకు ఆ మర్యాద లేదు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారిలో మట్టితో పేర్చిన రాతి గోడలు నిద్రపోతున్నవాళ్ల మీదే కూలాయి. దాదాపు పదివేల మంది పోయారు. అక్కడ అంత పెద్దది వస్తుందని ఎవరూ అనుకోలేదు.

అందుకే ఈ ఉత్తరం. నేల అదిరిన గంటలోపు, ఏం జరిగింది, ఏం జరగదు అన్నది నాలుగు ముక్కల తెలుగులో ప్రతి ఫోన్‌కూ రావాలి. ఆ మధ్య సెల్‌ఫోన్లన్నీ ఒక్కసారి బొయ్యిమని మోగిన పరీక్ష మెసేజ్ గుర్తుంది కదా, ఆ దారి ఉండనే ఉంది. చెప్పగలిగిన శాస్త్రవేత్తలు హైదరాబాద్ ఉప్పల్‌లో భూమిని పరిశోధించే జాతీయ సంస్థ ఎన్‌జీఆర్‌ఐలోనే ఉన్నారు. మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకులోనే, నేల కదిలితే తోసుకోకుండా ఎటు నడవాలో కూడా చెప్పించండి. నేల ఊగినా తట్టుకోవాలని రామప్ప గుడి పునాదిలో కాకతీయులు ఇసుక పోశారని ప్రతి సభలో చెప్పుకుంటాం. అదే ములుగులో ఇల్లు కట్టే మేస్త్రీకి తలుపుల ఎత్తున గోడలన్నీ చుట్టి వచ్చే కాంక్రీట్ పట్టీ ఎందుకో ఎవరూ నేర్పరు. అది కూడా నేర్పించండి.

ఇక మా బడి. ఆ రోజు నుంచి తొమ్మిదో తరగతి గదిలో కిటికీ పైన ఒక పగులు ఉంది. చెప్పాం, ఒకాయన వచ్చి ఫోటో తీసుకుని పోయాడు. పిల్లలూ నేనూ పగులు కొస దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాం. పోయిన నెల చూస్తే పగులు గీత దాటి బెత్తెడు పోయింది. ఆ కిటికీ పక్క రెండు బెంచీలు ఖాళీగా ఉంచుతున్నాం. ఒక ఇంజినీరును పంపండి సార్.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక ఫిజిక్స్ మాస్టారు