గ్యాస్ బిళ్లతో సరిపెట్టొద్దు

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి కడుపునొప్పిని ‘మందుల వేడి’ అని కొట్టిపారేయడం ఆపాలి. మా దగ్గరి బంధువు ఒకాయన ఏడాదిపాటు గ్యాస్ బిళ్లలు మింగారు. చివరికి మలపరీక్షలో హెలికోబాక్టర్ పైలోరి బయటపడింది. కడుపులో పుండ్లు పుట్టించే ఈ బ్యాక్టీరియాను 1994లోనే క్యాన్సర్ కారకాల్లో చేర్చారు. పోనీ, ఆ బిళ్లలైనా నిరపాయమా అంటే అదీ కాదు: గ్యాస్‌కు వాడే ఒమెప్రజోల్‌ను హెచ్‌ఐవీ మందు రిల్పివిరిన్‌తో కలిపి వాడనే కూడదు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ వేసుకుంటే, మరో హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రవిర్‌ను దానికి 2 గంటల ముందో 6 గంటల తర్వాతో తీసుకోవాలి. ఆయన చీటీ మీద మాత్రం ‘పరగడుపున’ అన్న ఒక్క మాటే ఉంది. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లోనే ఈ బ్యాక్టీరియాను పట్టే మల యాంటిజెన్ పరీక్ష అందుబాటులో ఉంచాలి. యాంటీబయాటిక్స్ రాసేముందు హెచ్‌ఐవీ మందుల చీటీ పక్కన పెట్టుకుని చూడాలి, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కూ ఆ హెచ్‌ఐవీ మందుల్లో కొన్నింటితో పేచీ ఉంది.